పిల్లల తలలో తామర: చుండ్రు అనుకుని వదిలేయకండి



ప్రతి నెలా ఈ పేజీలో స్పెల్లింగ్ గురించో, రీడింగ్ గురించో రాస్తుంటాను. ఈ నెల మీ పిల్లల తల గురించి రాస్తున్నాను. దానికి కారణం నేను చేసిన ఒక పొరపాటు.

మూడో తరగతిలో ఒక పాప నోట్‌బుక్ కరెక్షన్ కోసం నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. పాపిడి పక్కన తెల్లగా పొట్టు కనిపించింది. చుండ్రు అనుకున్నాను. డైరీలో "పాపకి తలస్నానం సరిగ్గా చేయించండి" అని ఒక్క లైన్ రాసి పంపించాను. మర్నాడు కింద సంతకం ఉంది. నా పని అయిపోయిందనుకున్నాను.

మూడు వారాల తర్వాత గేమ్స్ పీరియడ్‌లో ఆ పాప రిబ్బన్ ఊడిపోయింది. జడ మళ్ళీ వేస్తుంటే పొట్టు ఉన్న చోట రూపాయి బిళ్ళంత జాగాలో జుట్టు లేదు. దగ్గరగా చూస్తే వెంట్రుకలు మొదట్లోనే తెగి నల్ల చుక్కల్లా ఉన్నాయి. వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. ఆ తల్లి చెప్పిన మాట ఇప్పటికీ మర్చిపోలేదు. "మీరు డైరీలో రాసినప్పటి నుంచీ వారానికి మూడుసార్లు తలంటుతున్నాను మేడమ్. పిల్లని సరిగ్గా చూసుకోవట్లేదని మా అత్తగారు అంటున్నారు. ఇంకేం చేయాలో నాకు తెలియట్లేదు."

చర్మవ్యాధుల డాక్టర్ చూసి అది చుండ్రు కాదన్నారు. తలలో వచ్చే ఫంగల్ ఇన్‌ఫెక్షన్, అంటే మనం తామర అనేదే. ఎంత రుద్ది కడిగినా పోదు, నోటి ద్వారా మందు వాడాలి అన్నారు. అప్పటికే పాప తమ్ముడి తలలో కూడా ఒక మచ్చ మొదలైంది. పాప కోలుకుంది, జుట్టు వచ్చింది. కానీ నా ఒక్క లైన్ వల్ల మూడు వారాలు వృథా అయ్యాయి. ఒక తల్లి చేయని తప్పుకి మాట పడింది.

అందుకే ఈ విషయం వివరంగా తెలుసుకున్నాను. నేను డాక్టర్ని కాను, ఇది ప్రిస్క్రిప్షన్ కాదు. ఎప్పుడు అనుమానించాలి, డాక్టర్ దగ్గర ఏం జరుగుతుంది, ఇంట్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నవి మాత్రమే ఇక్కడ చెబుతున్నాను.

1. అసలు ఇది ఏమిటి?

ఇంగ్లిష్‌లో దీన్ని రింగ్‌వార్మ్ అంటారు. పేరులో 'వార్మ్' ఉంది కాబట్టి పురుగు అనుకోవద్దు. చర్మం మీద ఉంగరంలా కనిపించే మచ్చని చూసి, పూర్వం లోపల పురుగు ఉందనుకుని పెట్టిన పేరు అది. వైద్యులు తలలో వచ్చేదాన్ని టీనియా క్యాపిటిస్ అంటారు.

దీనికి కారణం డెర్మటోఫైట్స్ అనే ఒక రకం ఫంగస్. మన జుట్టు, గోళ్ళు, చర్మం పై పొర కెరాటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతాయి. ఈ ఫంగస్‌కి ఆ కెరాటినే ఆహారం. తల మీద వాలిన ఫంగస్ వెంట్రుక కుదురులోకి దిగి, అక్కడి నుంచి వెంట్రుకలోకి చేరుతుంది. దాంతో వెంట్రుక బలహీనపడి తెగిపోతుంది. ఫంగస్ కుదురు లోపల ఉంటుంది కాబట్టే పైన పూసే ఆయింట్‌మెంట్ దాన్ని పూర్తిగా పోగొట్టలేదు. ఈ ఒక్క విషయం అర్థమైతే వ్యాసంలో మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఇది ఎక్కువగా యుక్తవయసు రాకముందు, అంటే సుమారు 3 నుంచి 14 ఏళ్ళ మధ్య పిల్లల్లో వస్తుంది. యుక్తవయసులో తల చర్మం నుంచి ఊరే సహజమైన జిడ్డు పెరుగుతుంది. అందులోని కొవ్వు ఆమ్లాలు ఫంగస్‌ని కొంతవరకు అడ్డుకుంటాయని నిపుణులు భావిస్తారు. అందుకే ఒకే ఇంట్లో ఉన్నా అమ్మానాన్నలకి తక్కువగా, పిల్లలకి ఎక్కువగా కనిపిస్తుంది.

మన దేశంలో ఇది ఎక్కువగా ట్రైకోఫైటాన్ జాతి ఫంగస్ వల్ల వస్తుంది. ఇది మనిషి నుంచి మనిషికి అంటుతుంది. మైక్రోస్పోరమ్ కేనిస్ అనేది పిల్లి పిల్లల నుంచి, కుక్క పిల్లల నుంచి వస్తుంది. సెలవుల్లో ఊరికెళ్ళి దూడలతో ఆడుకునే పిల్లలకి పశువుల నుంచి వచ్చే రకం కూడా ఉంది.

2. ఎలా కనిపిస్తుంది?

అందరిలో ఒకేలా ఉండదు. ముఖ్యంగా నాలుగు రూపాలు గుర్తుపెట్టుకోండి.

*పొట్టు మచ్చ:* గుండ్రటి జాగాలో బూడిద రంగు పొట్టు. అక్కడి వెంట్రుకలు చర్మానికి కొద్ది మిల్లీమీటర్ల పైన తెగిపోయి, ఎవరో కత్తిరించినట్టు పొట్టిగా ఉంటాయి.

*నల్ల చుక్కలు:* వెంట్రుక చర్మం దగ్గరే తెగిపోవడంతో దాని మొదలు నల్ల చుక్కలా కనిపిస్తుంది. పైన నేను చెప్పిన పాపకి వచ్చింది ఇదే.

*చుండ్రు లాంటిది:* జుట్టు పెద్దగా ఊడదు, తలంతా పొట్టు మాత్రమే ఉంటుంది. అందరూ పొరబడేది ఇక్కడే.

*చీము గడ్డ:* తల మీద మెత్తగా, వాపుతో, ముట్టుకుంటే నొప్పి పుట్టే గడ్డ వస్తుంది. దాని మీది కుదుళ్ళ నుంచి చీము కారుతుంది, వెంట్రుకలు పట్టుకుంటే ఊడి వస్తాయి. జ్వరం కూడా రావచ్చు. దీన్ని కీరియాన్ అంటారు. ఫంగస్ మీద శరీరం తీవ్రంగా తిరగబడటం వల్ల ఇది వస్తుంది. చూడటానికి సెగ్గడ్డలా ఉంటుంది గానీ సెగ్గడ్డ కాదు. వైద్యం ఆలస్యమైతే ఆ చోట మచ్చ పడి, జుట్టు శాశ్వతంగా రాకుండా పోయే ప్రమాదం ఉంది. నాలుగింటిలోనూ ఆలస్యం చేయకూడనిది ఇదే.

చాలామంది పిల్లల్లో మెడ వెనక, చెవుల వెనక చిన్న చిన్న బిళ్ళలు కట్టి చేతికి తగులుతాయి. తలలో పొట్టుతో పాటు బిళ్ళలు కూడా కట్టి, ఆ చోట జుట్టు పలచబడితే తామర అనుమానం బలపడుతుంది.

3. మనం వేటితో పొరబడతాం?

*చుండ్రు:* యుక్తవయసు పిల్లల్లో, పెద్దల్లో మామూలే. కానీ ఐదారేళ్ళ నుంచి పదేళ్ళ లోపు పిల్లల్లో నిజమైన చుండ్రు తక్కువ. చుండ్రులో వెంట్రుకలు తెగవు. కాబట్టి ప్రైమరీ క్లాసు పిల్లల తలలో పొట్టు తగ్గకుండా ఉంటే "చుండ్రేలే" అనుకోకండి.

*పేలు:* దురద ఉంటుంది. వెంట్రుకలకి ఈపి అంటుకుని కనిపిస్తుంది. జుట్టు తెగదు. పేలూ తామరా రెండూ కలిసి కూడా ఉండవచ్చు.

*పేనుకొరుకుడు:* ఉన్నట్టుండి గుండ్రంగా జుట్టు రాలిపోయి చర్మం నున్నగా, మెరుస్తూ ఉంటుంది. పొట్టు గానీ నల్ల చుక్కలు గానీ సాధారణంగా ఉండవు. పేరు ఎలా ఉన్నా పేను కొరకడం వల్ల వచ్చేది కాదు. శరీర రోగనిరోధక వ్యవస్థ సొంత వెంట్రుక కుదుళ్ళ మీద దాడి చేయడం వల్ల వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. వైద్యం పూర్తిగా వేరు.

*బిగుతు జడలు:* నుదుటి అంచున, పాపిడి వెంట, చెవుల పైన జుట్టు పలచబడుతుంటే జడ బిగుతు కారణం కావచ్చు. రెండు జడలు మా స్కూల్ యూనిఫామ్ రూల్ కాబట్టి ఇది నేనే చెప్పాలి. జడలు వేయండి, కానీ నుదుటి చర్మం లాగేంత బిగించకండి.

*జుట్టు పీక్కునే అలవాటు:* కొందరు పిల్లలు దిగులుతోనో, పరధ్యానంలోనో వెంట్రుకలు లాక్కుంటారు. పొడవులు రకరకాలుగా ఉంటాయి, పొట్టు ఉండదు. దీనికి తిట్టడం మందు కాదు. మాతో మాట్లాడండి.

4. ఇంట్లో ఐదు నిమిషాల పరీక్ష

ఆదివారం తలంటు తర్వాత, జుట్టు ఆరాక, నూనె పెట్టకముందు చేయండి. నూనె పెడితే పొట్టు అణిగిపోయి కనిపించదు.

1. కిటికీ దగ్గర వెలుతురులో బిడ్డని కూర్చోబెట్టండి.
2. దువ్వెన కొనతో జుట్టుని పాయలుగా విడదీస్తూ నుదుటి నుంచి వెనక్కి రండి. చెవుల వెనక, నడినెత్తిన, మెడ పైభాగంలో తప్పక చూడండి.
3. పొట్టు, తెగిన వెంట్రుకలు, నల్ల చుక్కలు, ఎరుపు, చీము ఉన్నాయేమో గమనించండి.
4. మెడ వెనక వేళ్ళతో మెల్లగా నిమిరి బిళ్ళలు తగులుతాయేమో చూడండి.
5. మచ్చ కనిపిస్తే పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫోన్‌లో ఫొటో తీసుకోండి. వైద్యం మొదలయ్యాక తగ్గుతోందా లేదా అని పోల్చుకోవడానికి ఇది చాలా ఉపయోగపడుతుంది.

ఒంటి మీద, ముఖం మీద ఉంగరంలాంటి మచ్చలు కూడా ఉన్నాయేమో చూడండి. ఇంట్లో మిగతా పిల్లలకి కూడా అదే రోజు ఇలాగే చూడండి.

5. డాక్టర్ దగ్గర ఏం జరుగుతుంది?

పిల్లల డాక్టర్ దగ్గరికైనా, చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికైనా వెళ్ళవచ్చు. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం ఉంటుంది. అక్కడ ఓపీలో చూపించవచ్చు.

డాక్టర్ అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే ఉంటాయి. ఎన్నాళ్ళ నుంచి ఉంది? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? పిల్లి, కుక్క, దూడ ఉన్నాయా? ఈ మధ్య గుండు గానీ క్రాఫ్ గానీ చేయించారా? ఇప్పటిదాకా ఏం పూశారు? చివరి ప్రశ్నకి దాచకుండా జవాబు చెప్పండి. వాడిన ట్యూబ్ ఉంటే తీసుకెళ్ళండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన క్రీమ్ అయినా సరే, సిగ్గుపడాల్సింది లేదు.

తర్వాత కొన్ని పరీక్షలు చేయవచ్చు.

*కేఓహెచ్ పరీక్ష:* మచ్చ నుంచి కొంత పొట్టు, కొన్ని తెగిన వెంట్రుకలు తీసి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఆ ద్రావణం కెరాటిన్‌ని కరిగించి ఫంగస్ కనిపించేలా చేస్తుంది. పెద్దగా నొప్పి ఉండదు, ఫలితం త్వరగా తెలుస్తుంది.

*ఫంగల్ కల్చర్:* అదే నమూనాని ల్యాబ్‌లో ఒక మాధ్యమం మీద పెంచుతారు. ఆ మాధ్యమం పారిస్‌లో ఈ వ్యాధి మీద జీవితమంతా పనిచేసిన రేమాన్ సాబురో అనే డాక్టర్ పేరుతోనే ఉంది. ఏ జాతి ఫంగస్ అన్నది దీనితో తేలుతుంది. ఫలితానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు. లక్షణాలు స్పష్టంగా ఉంటే అంతవరకు ఆగకుండా డాక్టర్లు మందు మొదలుపెడతారు.

*వుడ్స్ ల్యాంప్:* చీకటి గదిలో తల మీద ఒక ప్రత్యేకమైన అతినీలలోహిత కాంతి వేస్తారు. పిల్లుల నుంచి వచ్చే మైక్రోస్పోరమ్ ఉంటే వెంట్రుకలు ఆకుపచ్చగా మెరుస్తాయి. మన దగ్గర ఎక్కువగా కనిపించే ట్రైకోఫైటాన్ రకాలు మామూలుగా మెరవవు. కాబట్టి మెరవలేదంటే తామర లేదని అర్థం కాదు.

*డెర్మోస్కోప్:* వెలుతురు ఉన్న భూతద్దం లాంటిది. దీనితో చూస్తే ఫంగస్ సోకిన వెంట్రుకలు కామా గుర్తులా వంగి, లేదా స్ప్రింగ్‌లా మెలి తిరిగి కనిపిస్తాయి.

అపాయింట్‌మెంట్ ముందు రోజుల్లో ఏ ఫంగల్ క్రీమూ పూయకండి. పూస్తే పరీక్షలో ఫంగస్ దొరక్కపోవచ్చు.

6. చికిత్స: మాత్రలు ఎందుకు?

నోటి ద్వారా తీసుకునే మందు రక్తం ద్వారా కుదురుకి చేరి, కొత్తగా పెరిగే వెంట్రుకలో కలుస్తుంది. అందుకే చికిత్సకి అదే మూలం. 1958లో గ్రిసియోఫల్విన్ అనే మందు మనుషుల్లో వాడకంలోకి రాకముందు ఈ వ్యాధికి సరైన మాత్ర లేదు. అప్పట్లో పిల్లల తలకి ఎక్స్‌రే పెట్టి జుట్టంతా రాలగొట్టేవారు. దాని దుష్ఫలితాలు కొందరిని జీవితాంతం వెంటాడాయి. ఈ రోజు మన పిల్లలకి ఆ బాధ లేదు. కొన్ని వారాల మందు చాలు.

ఇప్పుడు ఎక్కువగా వాడేవి రెండు. గ్రిసియోఫల్విన్ సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇస్తారు. కొవ్వు ఉన్న ఆహారంతో తీసుకుంటే శరీరానికి బాగా పడుతుంది. అందుకే గ్లాసుడు పాలతోనో, భోజనం తర్వాతో వేయమంటారు. టెర్బినాఫిన్ ట్రైకోఫైటాన్ రకాలకి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు ఇస్తారు. మైక్రోస్పోరమ్ రకానికి గ్రిసియోఫల్విన్ మెరుగ్గా పనిచేస్తుంది. ఇట్రాకొనజోల్, ఫ్లూకొనజోల్ కూడా కొందరికి రాస్తారు. ఏది, ఎంత, ఎన్నాళ్ళు అన్నది బిడ్డ బరువుని బట్టి, ఫంగస్ రకాన్ని బట్టి డాక్టర్ నిర్ణయిస్తారు. అక్కకి రాసిన మాత్రలో సగం విరిచి తమ్ముడికి వేయకండి.

కడుపులో వికారం, తలనొప్పి లాంటివి కొందరికి రావచ్చు. కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులోకి మారడం, ఒళ్ళంతా దద్దుర్లు, విడవని వాంతులు కనిపిస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పండి. లివర్ సమస్యలు ఇంతకుముందు ఉంటే, వేరే మందులు వాడుతుంటే ముందే చెప్పండి.

మందు మొదలైన కొద్ది రోజులకి కొందరు పిల్లలకి ఒంటి మీద, చెవుల దగ్గర దురదతో చిన్న చిన్న పొక్కులు వస్తాయి. చాలాసార్లు అది మందు పడకపోవడం వల్ల కాదు. ఫంగస్ మీద శరీరం స్పందించడం వల్ల వచ్చేది. కానీ ఆ తేడా మనం చెప్పలేం. కాబట్టి సొంతంగా మందు ఆపేయకుండా డాక్టర్‌కి ఫోన్ చేసి చూపించండి.

*షాంపూ పాత్ర:* కీటోకొనజోల్ లేదా సెలీనియం సల్ఫైడ్ ఉన్న షాంపూ వారానికి రెండుసార్లు వాడమని రాస్తారు. నురుగుని ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి కడగాలి. ఇది తల మీద ఉన్న ఫంగస్ బీజాలని తగ్గించి, ఇతరులకి అంటకుండా చూస్తుంది. షాంపూ ఒక్కటే వాడితే వ్యాధి పోదు. మాత్రకి తోడు మాత్రమే.

*ఎప్పుడు తగ్గినట్టు?* దురద, పొట్టు ముందు తగ్గుతాయి. "తగ్గిపోయిందిగా" అని మాత్రలు ఆపేసేది ఇక్కడే. కుదురులో మిగిలిన ఫంగస్ మళ్ళీ మొదలుపెడుతుంది. డాక్టర్ చెప్పిన చివరి రోజు వరకు వేయండి, మళ్ళీ చూపించండి. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటర్ పెరుగుతుంది. కాబట్టి మందు పనిచేస్తున్నా మచ్చ పూర్తిగా నిండటానికి కొన్ని నెలలు పడుతుంది. కంగారు పడకండి.

7. ఇవి మాత్రం చేయకండి

*అన్నింటికీ ఒకే ట్యూబ్:* దురదకీ, తామరకీ, గజ్జికీ ఒకటే అంటూ కొన్ని షాపుల్లో ఇచ్చే క్రీముల్లో ఫంగస్ మందుతో పాటు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. లేబుల్ మీద క్లోబెటసాల్, బీటామెథాసోన్, బెక్లోమెథాసోన్ లాంటి పేర్లు ఉంటే అది స్టెరాయిడే. పూయగానే ఎరుపు, దురద తగ్గి హాయిగా ఉంటుంది. లోపల ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది, రూపం మారిపోయి డాక్టర్లకి కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పూత స్టెరాయిడ్లని షెడ్యూల్ హెచ్ కిందకి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, మనం కొనకూడదు.

*గడ్డ కోయించడం, పిండడం:* కీరియాన్ గడ్డని సెగ్గడ్డ అనుకుని కోయించకండి. గుడ్డతో నొక్కి చీము తీయకండి. కోత వల్ల ప్రయోజనం లేదు, మచ్చ మిగలవచ్చు. యాంటీబయాటిక్ ఒక్కటే వాడినా ఫంగస్ పోదు.

*గురివింద గింజ:* పేనుకొరుకుడుకి గురివింద గింజ అరగదీసి రాయడం కొన్ని ఇళ్ళలో ఇంకా ఉంది. ఆ గింజలో ఏబ్రిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. పుండు పడిన చర్మం మీద, అందులోనూ పిల్లల తల మీద అసలు వాడకండి. వెల్లుల్లి రుద్దితే చర్మం కాలి బొబ్బలెక్కవచ్చు. కిరోసిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. నాయనమ్మ, అమ్మమ్మల మాట కొట్టేయలేక ఇబ్బంది పడితే, "డాక్టర్ ఏమీ పూయొద్దన్నారు" అని మా పేరూ డాక్టర్ పేరూ చెప్పండి.

*బలవంతంగా గుండు:* నయం కావడానికి గుండు అవసరం లేదు. కుదురులోని ఫంగస్ గుండుతో పోదు. అందరి ముందు గుండుతో కూర్చోవాల్సిన బాధ బిడ్డకి అదనం. మొక్కు ఉంటే వేరే సంగతి. అప్పుడు కూడా తల తగ్గేదాకా ఆగి, కొత్త బ్లేడు వేయించండి.

8. ఇంట్లో, స్కూల్లో అంటకుండా

ఫంగస్ బీజాలు దువ్వెనల మీద, దిండ్ల మీద నెలల తరబడి బతకగలవు. కాబట్టి:

• బిడ్డకి విడిగా దువ్వెన, తువ్వాలు, దిండు ఇవ్వండి. పాత దువ్వెన, బ్రష్, హెయిర్ బ్యాండ్లు, రిబ్బన్లు వీలైతే మార్చండి. లేదంటే వేడి నీళ్ళలో సబ్బుపొడి వేసి బాగా ఉతికి, కడిగి, ఎండలో ఆరబెట్టండి.

• దిండు గలీబులు, టోపీలు, తువ్వాళ్ళు వేడి నీళ్ళతో ఉతకండి.

• అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళందరి తలలూ డాక్టర్‌కి చూపించండి. మచ్చ ఏదీ కనిపించకుండానే ఫంగస్ మోసే పిల్లలూ, పెద్దలూ ఉంటారు. ఒకరికి వైద్యం చేసి ఇంకొకరిని వదిలేస్తే అది ఇంట్లోనే చక్కర్లు కొడుతుంది.

• ఇంట్లో పిల్లికో కుక్కకో వెంట్రుకలు ఊడిన మచ్చలు ఉంటే పశువుల డాక్టర్‌కి చూపించండి.

• సెలూన్‌లో మెషిన్, దువ్వెన శుభ్రం చేసి వాడమని అడగండి. అడగడం తప్పు కాదు.

• యాన్యువల్ డేకి అద్దెకి తెచ్చే కిరీటాలు, సవరాలు, టోపీలు ఒకరివి ఒకరు పెట్టుకోకుండా చూడండి. మా సెక్షన్‌లో మేము కూడా చూస్తున్నాం.

*స్కూల్ మాన్పించాలా?* ఇది అందరూ అడిగే ప్రశ్న. డాక్టర్ చెప్పిన మందు మొదలైతే బిడ్డ స్కూల్‌కి రావచ్చు. పిల్లల వైద్య నిపుణుల మార్గదర్శకాలు చెప్పేది కూడా అదే. ఆరు వారాలు ఇంట్లో కూర్చోబెట్టాల్సిన పని లేదు. మందు మొదలుపెట్టిన సంగతి క్లాస్ టీచర్‌కి ఒక మాట చెప్పండి చాలు. చెబితే బిడ్డని పక్కన పెడతామని భయపడకండి. చెప్పకపోతేనే పక్క పిల్లలకి ఎందుకు వస్తోందో మాకు తెలియక అందరూ ఇబ్బంది పడతారు.

9. బిడ్డ మనసు

ఆ మూడో తరగతి పాప కొన్ని రోజులు ఇంటర్వెల్‌లో బయటికి రాలేదు. ఎవరో "గుండు మచ్చ" అన్నారట. ఈ వ్యాధి వెంట్రుకకి చేసే నష్టం చాలాసార్లు మందుతో సరిపోతుంది. మాటలతో అయ్యే గాయం అంత త్వరగా మానదు.

ఇంట్లో రెండు మాటలు చెప్పండి. జబ్బు వచ్చిన బిడ్డకి: "ఇది నీ తప్పు కాదు. జలుబు వచ్చినట్టే ఇదీ వస్తుంది, మందు వేస్తే పోతుంది." జబ్బు లేని బిడ్డకి: "ఫ్రెండ్‌కి తగ్గేదాకా దువ్వెన పంచుకోవద్దు, కానీ ఆటలో కలుపుకో. వాళ్ళ తల గురించి మాట్లాడవద్దు." క్లాసులో నేనూ ఇదే చెప్పాను. ఎవరి పేరూ ఎత్తకుండా, ఫంగస్ గురించి ఒక పీరియడ్ పాఠంలా చెప్పాను. బ్రెడ్ మీద బూజు చూపించి, మైక్రోస్కోప్ బొమ్మ గీశాను. పిల్లలు భయపడలేదు, ఆసక్తిగా విన్నారు. మర్నాడు ఆ పాప పక్కన ఇద్దరు కూర్చున్నారు.

ఇంకొక మాట పెద్దలకి. ఈ జబ్బు శుభ్రత లేని ఇళ్ళకే వస్తుందన్నది నిజం కాదు. రోజూ తలంటినా, పక్క సీటు నుంచి, దువ్వెన నుంచి, పిల్లి పిల్ల నుంచి రావచ్చు. కోడలినో, పనిచేస్తూ పిల్లల్ని పెంచుకుంటున్న తల్లినో అనే ముందు దయచేసి ఇది గుర్తుంచుకోండి.

10. ఫ్రిజ్ మీద అంటించుకోవడానికి

• ప్రైమరీ పిల్లల తలలో రెండు వారాలు దాటినా తగ్గని పొట్టు: డాక్టర్‌కి చూపించాలి.
• పొట్టు, తెగిన వెంట్రుకలు లేదా నల్ల చుక్కలు, మెడ వెనక బిళ్ళలు: ఇంకా ముందే చూపించాలి.
• నొప్పి, చీము ఉన్న మెత్తటి గడ్డ, జ్వరం: అదే రోజు చూపించాలి. కోయకూడదు, పిండకూడదు.
• తల తామరకి ఆయింట్‌మెంట్ చాలదు. డాక్టర్ రాసిన మాత్రలు చివరి రోజు దాకా వేయాలి.
• స్టెరాయిడ్ కలిసిన ట్యూబ్ సొంతంగా కొనకూడదు.
• ఇంట్లో పిల్లలందరి తలలూ ఒకేసారి చూపించాలి.
• మందు మొదలైతే స్కూల్‌కి రావచ్చు.

ఇక నుంచి మీ బిడ్డ తలలో పొట్టు కనిపిస్తే నేను డైరీలో "తలస్నానం చేయించండి" అని రాయను. ఫోన్ చేసి, నేను చూసింది చూసినట్టు చెబుతాను. డాక్టర్‌కి చూపించమంటాను. మీరు కూడా ఏ అనుమానం ఉన్నా పేరెంట్స్ మీటింగ్ దాకా ఆగకుండా మాకు చెప్పండి. ఈ ఆదివారం తలంటు అయ్యాక ఆ ఐదు నిమిషాలు మాత్రం మీ బిడ్డ తల చూడండి.


మీ ప్రైమరీ సెక్షన్ ఇంగ్లిష్ టీచర్